పద్నాలుగున్నర కుట్లు: లేసు డిజైన్ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు డైరీ

జూన్ 9

తెరమీద గీసిన గుండ్రటి మ్యాట్ డిజైనును, ఏ కుట్టు తరువాత ఏ కుట్టు వేయాలో చెప్పే పూర్తి సూచనలుగా మా ప్రోగ్రాము ఈ రోజు మొదటిసారి మార్చి ఇచ్చింది. ఆరు నెలల పని తరువాత వచ్చిన ఫలితం కనుక కాగితం మీద అచ్చువేసి, రెండుసార్లు చదివి, మడిచి సంచిలో పెట్టుకున్నాను. హైదరాబాదులోని పరిశోధనశాలలో మా బృందం నలుగురం. వారిలో నేనొక్కదాన్నే నరసాపురంలో ఇంటి నుంచి పనిచేస్తున్నాను. ఇది నేను అడిగి తెచ్చుకున్న ఏర్పాటు. లేసుకు సాఫ్ట్‌వేర్ వ్రాసేవారిలో ఒకరైనా లేసు అల్లే ఇళ్ళకు ఒక పూటలో వెళ్ళి రాగలిగినంత దగ్గరలో ఉండాలని గట్టిగా నమ్ముతాను. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు పేరును కాపాడుతుంది కానీ ఒక్కొక్క డిజైనును కాపాడదు. ఇక్కడ డిజైను నేటికీ నమూనా ముక్క రూపంలోనే చేతులు మారుతుంది. ఏజెంటు ఒక ముక్క తెచ్చి చూపిస్తే, దాన్ని వెలుతురుకు ఎత్తిపట్టి, కుట్లను కంటితో చదివి, అచ్చం అలాంటిదే అల్లి ఇస్తారు. ఆ ముక్క పోతే డిజైనూ పోయినట్లే.

సాఫ్ట్‌వేర్ దృష్టిలో క్రోషేకు, అంటే కొక్కెం సూదితో లేసు అల్లే ఈ పద్ధతికి, ఒక ప్రత్యేకత ఉంది. స్వెట్టర్ల అల్లికలో సూదిమీద వందల ఉచ్చులు ఒకేసారి తెరుచుకుని ఉంటాయి. క్రోషేలో మాత్రం సాధారణంగా ఏ క్షణాన చూసినా కొక్కెం సూదికి పని నడుస్తున్న ఉచ్చు ఒక్కటే ఉంటుంది, తక్కినవన్నీ ముడిపడిపోయినవే. కాబట్టి మ్యాట్ మొత్తం ఒకే దారి. మా ప్రోగ్రాములో ప్రతి కుట్టూ ఒక బిందువు. దానికి రెండు లంకెలు ఉంటాయి, ఒకటి తనకు ముందు వేసిన కుట్టుతో, రెండవది తాను కాలు మోపిన కింది చుట్టులోని కుట్టుతో. ఈ రెండు లంకెలనూ చెడగొట్టకుండా ఆకారాన్ని కుదర్చడమే మా పని అంతా.

జూన్ 14

వశిష్ఠ గోదావరి మీద పంటెక్కి సఖినేటిపల్లిలో పెద్దమ్మ ఇంటికి వెళ్ళాను. నలభై నంబరు దారంతో, మా కాగితంలో ఉన్నది ఉన్నట్లుగా, పది చుట్లు అల్లి పెట్టమని నాలుగు రోజుల క్రితమే ఒక ప్రతి ఇచ్చి అడిగాను. ఆమె కాగితం చదవలేదు, చదవవలసిన అవసరమూ ఆమెకు ఎన్నడూ రాలేదు. కాబట్టి మా వదిన పక్కన కూర్చుని ఒక్కొక్క వరుస పైకి చదువుతుంటే అల్లిందట.

ముక్కను బల్లమీద పెట్టగానే తప్పు కనిపించింది. నడుమ బల్లకు ఆనింది, అంచంతా లేచి నిలబడింది. అరచేత్తో నొక్కితే చదునయ్యేది, చేయి తీయగానే మళ్ళీ లేచేది.

"గిన్నె కట్టేసిందే అమ్మాయ్. నీ లెక్కకి చుట్టు చాల్లేదు," అంది పెద్దమ్మ. తరువాత లోపలికి వెళ్ళి, ఎవరి కాగితమూ లేకుండా తాను అదే దారంతో అదే సూదితో అల్లుకున్న పది చుట్ల ముక్కను తెచ్చి దాని పక్కన పెట్టింది. అది తమలపాకులా బల్లకు అతుక్కుని ఉంది.

ఆమె అల్లుతున్నంతసేపూ దగ్గరగా కూర్చుని చూశాను. దారాన్ని ఎడమచేతి చిటికెన వేలికి ఒక చుట్టు చుట్టి, చూపుడు వేలి మీదుగా వదులుతుంది. బిగువంతా ఆ చిటికెన వేలిలోనే ఉంది. కొక్కెం దారాన్ని అందుకున్న తరువాత, ఉచ్చులోంచి లాగేముందు, మణికట్టుతో వెంట్రుకవాసి పైకి ఎత్తుతుంది. ఆ ఎత్తు వల్ల ఆమె పొడుగు కుట్టు మిగిలిన వారి కుట్టుకన్నా కాస్త నిటారుగా నిలుస్తుంది. మూడు నాలుగు చుట్లకొకసారి ముక్కను తొడమీద పరచి, వేళ్ళ వెనుక భాగంతో ఒక్కసారి నిమిరి చూస్తుంది. ఎక్కడైనా అంచు బిగిసినట్లు తోస్తే, తరువాతి చుట్టులో అక్కడ ఒకే కాలిలో, అంటే కింది చుట్టులోని ఒకే కుట్టులో, రెండు కుట్లు వేస్తుంది. ఎన్ని పెంచాలని అడిగితే, "అడిగినన్ని," అని జవాబు.

జూన్ 16

రెండు ముక్కలనూ కొలిచాను. పెద్దమ్మ చేతిలో పది పొడుగు కుట్ల వెడల్పు 20 మిల్లీమీటర్లు, ఐదు చుట్ల ఎత్తు 23 మిల్లీమీటర్లు. అంటే ఒక కుట్టు వెడల్పు 2, ఎత్తు 4.6, నిష్పత్తి 2.3.

ఇక్కడి లెక్క చిన్నది. ఒక చుట్టు ఎక్కువైన ప్రతిసారీ వ్యాసార్థం ఒక కుట్టు ఎత్తు మేరకు పెరుగుతుంది, చుట్టుకొలత దానికి 6.28 రెట్లు పెరుగుతుంది, ఆ పెరిగిన పొడవును కుట్ల వెడల్పుతో నింపాలి. కాబట్టి చుట్టుకు పెంచవలసిన కుట్లు 6.28ను నిష్పత్తితో గుణిస్తే వచ్చినన్ని. పొడుగు కుట్టు ఎత్తు వెడల్పుకు రెండింతలని అనుకుని, అల్లిక పుస్తకాలలో తరచుగా కనిపించే 12నే మేము ప్రోగ్రాములో స్థిరంగా వ్రాసిపెట్టాము. పెద్దమ్మ చేతికి కావలసినది 14.45. పదవ చుట్టుకు వ్యాసార్థం 46 మిల్లీమీటర్లు, కావలసిన చుట్టుకొలత 289 మిల్లీమీటర్లు. మా కాగితం ఇచ్చిన 120 కుట్లు నింపగలిగినది 240 మిల్లీమీటర్లే. దాదాపు ఐదు సెంటీమీటర్లు తక్కువైతే అంచు లేవక ఏమవుతుంది?

తరువాత ఆమె సొంత ముక్కలో పదవ చుట్టును గుండుసూదితో ఒక్కొక్కటిగా లెక్కపెట్టాను. 146 కుట్లు ఉన్నాయి. అంటే 292 మిల్లీమీటర్లు. మా లెక్కకు మూడు మిల్లీమీటర్ల తేడా. వేళ్ళ వెనుక భాగంతో నిమిరి చూడడం ద్వారా ఆమె తెలుసుకున్న సంఖ్య, సూత్రం చెప్పిన సంఖ్య, రెండూ పద్నాలుగున్నర దగ్గరే నిలిచాయి. ఆ రాత్రి బృందానికి వ్రాసిన ఉత్తరంలో ఒకే ప్రతిపాదన చేశాను: 12 అనే స్థిరసంఖ్యను తీసివేసి, అల్లేవారి చేయి నుంచి ఆ సంఖ్య రావాలి.

జూన్ 27

వారమంతా ఒక పొరపాటు వెదకడానికే సరిపోయింది. పరీక్ష కోసం సేకరించిన పాత విదేశీ డిజైన్లలో కొన్ని సక్రమంగా వస్తున్నాయి, కొన్ని పూర్తిగా నలిగిపోతున్నాయి. చివరకు తేలినదేమిటంటే, బ్రిటన్ వారు డబుల్ క్రోషే అని పిలిచే కుట్టును అమెరికా వారు సింగిల్ క్రోషే అంటారు, అమెరికా వారి డబుల్ బ్రిటన్ వారికి ట్రెబుల్ అవుతుంది. ఒకే పేరుతో పొట్టి కుట్టూ పొడుగు కుట్టూ కలిసిపోయాయి. ఇకమీదట మా ఫైళ్ళలో కుట్టుకు పేరు ఉండదు. సూదికి దారం ఎన్నిసార్లు చుట్టాలి, ఎన్ని ఉచ్చుల్లోంచి లాగాలి అన్న వివరం మాత్రమే ఉంటుంది. పని వివరం ఏ దేశంలోనూ మారదు.

జూలై 30

గోదావరికి ఎర్రనీరు వచ్చి, వరద పెరిగి, పంటు ఆపివేశారు. పులసలు వచ్చాయని ఊరంతా మాట్లాడుకుంటోంది. నాకు మాత్రం ఐదుగురు అల్లేవారి కొలతలు ఆగిపోయాయన్నదే ధ్యాస.

ఈ అడ్డంకిలోంచే మంచి ఉపాయం దొరికింది. పది కుట్ల వెడల్పున ఐదు వరుసల చిన్న ముక్క అల్లి, పక్కన పది రూపాయల నాణెం పెట్టి, ఫోటో తీసి వాట్సాప్‌లో పంపమని వదినను అడిగాను. ఆ నాణెం వ్యాసం 27 మిల్లీమీటర్లు, అది ప్రతి ఇంట్లోనూ దొరికే కొలబద్ద. అంతకన్నా మేలైన సంగతి ఏమిటంటే, ఫోను వంచి తీస్తే నాణెం గుండ్రంగా కాక అండాకారంగా పడుతుంది, ఎంత వంగిందో ఆ అండాకారమే చెబుతుంది. దాని సాయంతో ముక్కను తిరిగి నిటారుగా సరిచేయవచ్చు. రెండు రోజుల్లో ఈ భాగాన్ని వ్రాశాను. నది దాటలేకపోవడం వల్ల వచ్చిన ఈ భాగమే ప్రోగ్రాములో అన్నిటికన్నా ఉపయోగపడేదిగా నిలుస్తుందని నా అంచనా.

ఆగస్టు 11

ఐదుగురిలో ఒకరి కొలత మిగిలిన వాటితో పొసగలేదు. ఫోన్ చేసి అడిగితే, ముక్క మురికిగా ఉందని ఉతికి, గంజిపెట్టి, ఇస్త్రీ చేసి ఫోటో తీశానని చెప్పారు. పాపం, నాకు చక్కగా కనిపించాలని చేసిన పని అది. గంజిపెట్టి సాగదీసిన లేసు కొలత అల్లిన చేతి కొలత కాదు. సూదిమీంచి దించిన ముక్కనే, ఉతకకుండా, నొక్కకుండా పంపాలని సూచనలలో మొదటి వాక్యంగా చేర్చాను.

సెప్టెంబరు 3

సింగపూర్‌లో నవంబరులో జరిగే కంప్యూటర్ గ్రాఫిక్స్ సదస్సుకు మేము పంపిన పోస్టరు అంగీకరించారు. సంతోషం ఒక గంటసేపు నిలిచింది. తరువాత రచయితల పేర్ల దగ్గర పెద్ద చర్చ నడిచింది.

పద్నాలుగున్నర అనే సంఖ్యను మాకన్నా ముందు కనుగొన్నది పెద్దమ్మ, ఆ ముక్కే మా మొదటి ఆధారం. ఆమె పేరు కృతజ్ఞతల వరుసలో చిన్న అక్షరాలతో కాక రచయితల వరుసలో ఉండాలని నేను అడిగాను. బృందంలో ఇద్దరు వెంటనే ఒప్పుకున్నారు, ఒకరు నియమాలు చదివి చెబుతానన్నారు. నియమాలలో అడ్డు ఏమీ లేదు, దరఖాస్తు పత్రంలో ఉంది: ప్రతి రచయితకూ ఒక సంస్థ పేరు తప్పనిసరిగా నింపాలి, ఖాళీగా వదిలితే పేజీ ముందుకు కదలదు. ఏభై ఏళ్ళుగా ఇంటి అరుగుమీద కూర్చుని అల్లే మనిషికి సంస్థ ఏమిటి? చివరకు ఆ గడిలో సఖినేటిపల్లి అని వ్రాశాము. పేజీ ముందుకు కదిలింది. పెద్దమ్మకు ఫోను చేసి, నీ పేరు వేయడం ఇష్టమేనా అని మరోసారి అడిగితే, "ఇంటిపేరు కూడా వెయ్యండి. మీ పెదనాన్న పేరు నిలుస్తుంది," అంది.

అక్టోబరు 18

ప్రయాణం ఏర్పాట్లు. వీసా, టికెట్లు అయ్యాయి. వాటి గురించి వ్రాయడానికి విశేషం లేదు. పోస్టరుకు కావలసిన చిత్రాల మీదనే మనసంతా ఉంది.

పెంపు తక్కువైతే గిన్నె, సరిపోతే పళ్ళెం, ఎక్కువైతే కుచ్చు అని మూడు ముక్కలు పక్కపక్కన చూపించాలని నిర్ణయించాము. మూడవదానికి గణితంలో గౌరవనీయమైన చరిత్ర ఉంది. కార్నెల్ విశ్వవిద్యాలయంలో డైనా టైమిన్యా 1997లో, పెంపులను ఒకే నిష్పత్తిలో ఎడతెగకుండా పెంచుతూ అల్లి, అంచుకు పోయేకొద్దీ కుచ్చులుగా విస్తరించే హైపర్బోలిక్ తలాన్ని చేతితో పట్టుకోగల వస్తువుగా తయారుచేశారు. అంతకుముందు కాగితంతో చేసిన నమూనాలు సులభంగా చిరిగిపోయేవి. ఆ ఫోటోను పెద్దమ్మకు చూపించాను. చాలాసేపు చూసి, పిల్లల గౌనుకు కింద వేసే కుచ్చులాంటిదేనని, అయితే ఆపవలసిన చోట ఆపకుండా పోయారని అంది. వర్ణన సరిగ్గానే ఉంది.

పోస్టరులో మా పనికి ముందున్న పరిశోధనను చెప్పే చోట, 2012 నాటి స్టిచ్ మెష్ పద్ధతిని పేర్కొన్నాము. అల్లిక బట్టను కుట్టు కుట్టుగా తెరమీద నిర్మించే దారి అది. ఇంకా వెనక్కు వెళితే, 1963లో ఎంఐటీలో ఐవాన్ సదర్లాండ్ చేసిన స్కెచ్‌ప్యాడ్ అనే ప్రోగ్రాము ఉంది. గీసిన గీతలు సమాంతరంగా ఉండాలనో, సమాన పొడవుతో ఉండాలనో నిబంధన పెడితే కంప్యూటరే వాటిని సర్దడం అందులో ఉంది. మేము పెడుతున్న నిబంధన ఒక్కటే, బల్లకు ఆనాలి. అరవై ఏళ్ళ నాటి ఆ ఆలోచనకు గోదావరి ఒడ్డున ఒక చిన్న ఉపయోగం దొరికిందని తలచుకుంటే నాకు నిజంగా ఆనందం కలుగుతుంది.

నవంబరు 20, సింగపూర్

నరసాపురంలో సాయంత్రం రైలెక్కి, తెల్లవారి హైదరాబాదులో దిగి, బృందంలోని మరొకరితో కలిసి రాత్రి విమానంలో వచ్చాను. లేసు ముక్కలను పెట్టెలో వేయకుండా, రెండు అట్టల మధ్య పరచి చేతిసంచిలో తెచ్చాను.

పోస్టరు ఇక్కడే ఒక దుకాణంలో అచ్చువేయించాము. కుట్ల లంకెలను చూపే సన్నని గీతలన్నీ అచ్చులో మాయమయ్యాయి. బిందువులు మాత్రం ఆవాల్లా మిగిలాయి. మళ్ళీ వేయించడానికి వ్యవధి లేదు. గుండుసూదులతో మూడు లేసు ముక్కలనూ పోస్టరుకే గుచ్చి, ఎర్రదారంతో ఒక చుట్టులోని లంకెలను చేత్తో కుట్టాను. రాత్రి ఒంటిగంట అయింది.

నవంబరు 21, సింగపూర్

వచ్చినవారిలో చాలామంది ముందు పోస్టరు చదవలేదు, లేసును ముట్టుకున్నారు. ముట్టుకోవచ్చా అని అడిగినవారందరికీ ముట్టుకోమనే చెప్పాను.

ఒక విద్యార్థి, దీన్ని యంత్రానికి అప్పగించవచ్చు కదా అని అడిగాడు. క్రోషే యంత్రం అనే పేరుతో ఉన్న యంత్రాలు నిజానికి వార్ప్ నిట్టింగ్ జాతివి, అంటే పక్కపక్కన నిలువుగా సాగే అనేక దారాలతో ఉచ్చులు వేసేవి. చేతితో అల్లిన క్రోషేలోని ముడిని అవి వేయవు. చేతిపని చౌక కనుక యంత్రం రాలేదని కొందరు అనుకుంటారు. అల్లిన బట్టలో ఏ మూలనైనా సూదిని దించి, కనబడని కాలిని వెదికి పట్టుకోవడం యంత్రానికి చాలా కష్టమైన పని అని, ఎర్రదారం కుట్టిన చోటును చూపించి వివరించాను. అతను ఒప్పుకున్నాడో లేదో తెలియదు కానీ చాలాసేపు నిలబడి చూశాడు.

మధ్యాహ్నం ఒక పెద్దావిడ వచ్చింది, జపాన్ నుంచి వచ్చానని చెప్పింది. పళ్ళెం ముక్కను సూదుల నుంచి తీయించుకుని, వెనక్కు తిప్పి, కళ్ళజోడు పైకెత్తి చూసి ఒకటే ప్రశ్న వేసింది: ఇందులో చుట్టు ఎక్కడ మొదలయింది? అది పెద్దమ్మ సొంతంగా అల్లినది. నేనూ వెదికాను, కనిపించలేదు. మా ప్రోగ్రాము సూచనలతో అల్లిన గిన్నె ముక్కలో మాత్రం నడుమ నుంచి అంచు దాకా ఒక గీత స్పష్టంగా ఉంది. ప్రతి చుట్టూ ముగిసి కొత్త చుట్టు మొదలైన చోటు అది. ఐదు నెలలుగా ఆ గీత నా కళ్ళముందే ఉంది, చదును గురించిన ఆరాటంలో దాన్ని చూడలేదు.

వెంటనే బయటకు వచ్చి పెద్దమ్మకు ఫోన్ చేశాను. సింగపూర్ కన్నా మన సమయం రెండున్నర గంటలు వెనుక కనుక అక్కడ ఇంకా భోజనాల వేళ కాలేదు.

"ప్రతి చుట్టూ ఒక్కచోటే ముగిస్తే జడ పడుతుంది. మొదలెట్టేముందు ఓ కాలు పక్కకి జరగాలి," అంది.

జడ. మా కోడులో ఆ దోషానికి ఈ పేరే పెట్టాను. మిగిలిన సదస్సులో నేను విన్న ఉపన్యాసాల కన్నా ఆవిడ ప్రశ్న, పెద్దమ్మ జవాబు మాకు ఎక్కువ పనిచేస్తాయి. అయితే ఆ ప్రశ్న వినడానికి అంత దూరం వెళ్ళవలసి వచ్చిందన్నదీ నిజమే. ఇంట్లో మేమందరం లేసును పైవైపు నుంచే చూస్తాము. ఎవరో పరాయివారు దాన్ని తిప్పి చూశారు.

డిసెంబరు 12

చుట్టు మొదలయ్యే చోటును ప్రతిసారీ ఒక కుట్టు జరిపే మార్పు చేశాము. దీనితో మరొక మేలు కలిగింది. పెంపులు ఒకదానిపై ఒకటి నిలువుగా పడినప్పుడు గుండ్రటి అంచు మూలలు దేరుతుంది. ఆ పెంపులను కూడా చుట్టు చుట్టుకూ పక్కకు జరపడం అదే కోడుతో సాధ్యమయింది. అయితే జరపడం వల్ల కొన్ని డిజైన్లలో పువ్వు రేకులు మెలికపడుతున్నాయి. రేకులున్న చుట్లలో జరపకూడదని, నిండు చుట్లలోనే జరపాలని నియమం వ్రాయడానికి మరో పది రోజులు పట్టింది.

జనవరి 7

ఈసారి వదిన చేయి. ఆమె ఫోటో నుంచి ప్రోగ్రాము తీసిన కొలతలు: పది కుట్లకు 22 మిల్లీమీటర్లు, ఐదు వరుసలకు 23. నిష్పత్తి 2.09, పెంపు 13.1. కాబట్టి చుట్టుకు 13 పెంచాలని, ఏడవ చుట్టులో మాత్రం 14 పెంచాలని కాగితం వచ్చింది. పెద్దమ్మ కాగితానికీ దీనికీ బొమ్మ ఒక్కటే, అంకెలు వేరు. ఒకే డిజైనుకు మనిషికొక కాగితం ఉండాలన్న మాట ఇన్నాళ్ళకు పనిలో కనబడింది.

ఉదయం పంటు మీద వెళ్ళేసరికి వదిన పది చుట్లూ పూర్తిచేసి ఉంచింది. బల్లమీద పరచి, అంచు కిందికి పది రూపాయల నాణేన్ని తోసి చూశాను. చుట్టూ ఎనిమిది చోట్ల ప్రయత్నించాను; ఎక్కడా అంచు దానికదే లేచి దారివ్వలేదు. పెద్దమ్మ ముక్కను తీసుకుని, వేళ్ళ వెనుక భాగంతో నిమిరి, తిరగేసి జడ కోసం వెదికింది. తరువాత దారపు ఉండను ఒళ్ళో పెట్టుకుంది.

"అంచు ఎక్కడ రాశావే?"

అంచు ఇంకా వ్రాయలేదని, ప్రోగ్రాముకు తోరణాలు రావని చెప్పాను. ఆమె అప్పటికే సూది దించింది. నేను పక్కన కూర్చుని డైరీలో వ్రాసుకుంటున్నాను: ఏడు గొలుసులు, మూడు కుట్లు వదిలి నాలుగవ కాలిలో ముడి, మళ్ళీ ఏడు గొలుసులు, ఈసారి రెండే వదిలింది, ఎందుకో అడగాలి.